‘దగ్గు వినబడకూడదని ఎక్సర్‌సైజులు మానేశాను’

పరకాల దగ్గర ఒక ఊరి నుంచి 44 ఏళ్ల సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంటి ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఇంట్లో ఆయన, డిగ్రీ అయిపోయిన బిడ్డ, అత్తమ్మ, ఈవిడ.

2009లో ఈవిడకు టీబీ వచ్చింది. ఆరు నెలల పాటు రోజు విడిచి రోజు మాత్రలు మింగి కోర్సు పూర్తి చేశారు. కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఐదారేళ్లు బాగానే గడిచాయి. తర్వాత దగ్గు మళ్లీ పట్టుకుంది. పొద్దున లేవగానే అరకప్పు కళ్లె, చలికాలం వస్తే పచ్చగా, వాసనతో. ప్రతిసారీ టీబీ తిరగబెట్టిందేమోనని భయం, ఎక్స్‌రే, ఒక యాంటీబయాటిక్ కోర్సు. రెండుసార్లు కళ్లె పరీక్ష చేస్తే టీబీ లేదనే తేలింది. నిరుడు సీటీ స్కాన్ తీశాక కుడి ఊపిరితిత్తి పై భాగంలోనూ, మధ్య భాగంలోనూ బ్రాంకియెక్టాసిస్, అంటే గాలి గొట్టాలు సాగి పాడయ్యే జబ్బు, ఉందన్నారు. అక్కడే ఒక ఫిజియోథెరపిస్ట్ ఊపిరి తీసి వదిలే పద్ధతి నేర్పి, రోజుకు రెండుసార్లు చేయమన్నారు. రెండు నెలలు చేశారు. కళ్లె రంగు తేటపడింది, రాత్రి నిద్ర పట్టింది. తర్వాత మానేశారు.

ఎందుకు మానేశారో కూడా దాచకుండా రాశారు. “పొద్దున్నే నేను దగ్గుతుంటే పక్కింటోళ్ల దాకా ఇనబడుతది. మా అత్తమ్మ నా గిలాస వేరే పెట్టింది. ‘పిల్లగాని తరఫోల్లు ఇంటే ఏమనుకుంటరు’ అంటది.” బిడ్డకు హుజూరాబాద్ సంబంధం కుదిరేలా ఉంది. దసరా తర్వాత వరపూజ అనుకుంటున్నారు. పిల్లను చూడటానికి వాళ్లొచ్చిన రోజు ఈవిడ గంటన్నర సేపు దగ్గు మింగుకుని కూర్చున్నారు. వాళ్ల కారు కదలగానే పెరట్లోకి పరిగెత్తి, దగ్గి దగ్గి వాంతి చేసుకున్నారు. ఆ రోజు నుంచి మందుల షాపులో ఇచ్చిన దగ్గు సిరప్ తాగుతున్నారు. తాగితే దగ్గు ఆగుతుంది, మత్తుగా ఉంటుంది. మరిది మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా కొనిచ్చాడు. ఎవరో ఫోన్లో వీడియో చూపిస్తే మంచం మీద నుంచి తల కిందికి వేలాడేసి పడుకున్నారు, అన్నం తిన్న అరగంటకే. గొంతులోకి పులుసు ఎగదన్నిందట. భర్తేమో ఆపరేషన్ చేయించుకుంటే ఒక్కసారితో పోతుంది కదా అంటున్నారు.

ఇది టీబీయేనా? బతికినంత కాలం ఇట్లా చేస్తూనే ఉండాలా? పిల్లగాడి వాళ్లకు చెప్పాలా, వద్దా? ఇవీ ఆమె ప్రశ్నలు. సంతకం కింద, వేరే పెన్నుతో, చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంది: “దగ్గినప్పుడల్లా బట్ట తడుస్తుంది. ఎవ్వరికీ చెప్పలేదు. నీళ్లు తాగుడు తగ్గించిన.”

*

చెల్లెమ్మా, ఆ చిన్న అక్షరాల దగ్గరే మొదలుపెడతాను. మీ కథకు తాళంచెవి అక్కడే ఉందని నాకనిపించింది.

ముందు ఒక మాట. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఏ మందు వేసుకోవాలో, ఏది ఆపాలో మీ ఛాతీ డాక్టర్ చెప్పాలి. ఊపిరి, కఫం, దగ్గు, కండరాల సంగతి నా పని.

దగ్గితే మూత్రం చుక్కలు పడటం మీ ఒక్కరి కష్టం కాదు. ఏళ్ల తరబడి దగ్గే ఆడవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది, మగవాళ్లలోనూ ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది నేనడిగితే గానీ చెప్పరు. అడిగితే ముందు తల దించుకుంటారు, తర్వాత ఏడుస్తారు, ఆ తర్వాత పది నిమిషాలు ఆగకుండా మాట్లాడతారు. అయితే దీన్ని దాచడంలో మీకు ఇంకో నష్టం జరుగుతోంది. బట్ట తడుస్తుందని నీళ్లు తగ్గించారు. నీళ్లు తగ్గితే కళ్లె చిక్కబడుతుంది. చిక్కబడిన కళ్లె బయటికి రావాలంటే ఇంకా గట్టిగా దగ్గాలి. గట్టిగా దగ్గితే ఇంకా తడుస్తుంది. అందుకే ఎక్సర్‌సైజులు మానేశారు, మానేస్తే కళ్లె పేరుకుంది, పేరుకుంటే అదుపు తప్పిన దగ్గు వచ్చింది. అత్తమ్మ గిలాస, మందుల షాపు సిరప్, పెరట్లో వాంతి, అన్నీ ఈ ఒక్క చిక్కుముడిలోనే ఉన్నాయి.

ముడి విప్పాలంటే లోపల ఏం జరుగుతోందో తెలియాలి. టీబీ తగ్గిపోయింది కానీ అది ఉన్న చోట గాలి గొట్టాలు దెబ్బతిన్నాయి. గోడలు సాగి వెడల్పయ్యాయి. మామూలుగా ఆ గొట్టాల లోపల సన్నటి నూగు లాంటిది ఉండి కఫాన్ని గొంతు వైపు తోస్తూ ఉంటుంది. మీకు ఆ చోట్లలో అది సరిగా పనిచేయడం లేదు. అందుకని కఫం నిలుస్తుంది, నిలిచిన చోట సూక్ష్మక్రిములు చేరతాయి, అవి చేరితే వాపొస్తుంది, వాపుతో గొట్టం ఇంకొంచెం పాడవుతుంది. దీనికి బ్రాంకియెక్టాసిస్ అని పేరు. 1819లో స్టెతస్కోప్ సంగతి లోకానికి చెప్పిన లెనెక్ అనే ఫ్రెంచ్ డాక్టరే ఈ జబ్బునూ వర్ణించాడు. మన దేశంలో 2195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు పోగేసి 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వాళ్లలో మూడో వంతు మందికి పైగా కారణం పాత టీబీయే. మీరు మాత్రలు సరిగా వేసుకోలేదనో, ఇంకేదో తప్పు చేశారనో వచ్చింది కాదు.

టీబీయేనా అంటే, రెండుసార్లు పరీక్షలో లేదని వచ్చింది కాబట్టి, మీరు రాసిన దాన్ని బట్టి ఇప్పుడున్నది టీబీ కాదనే అనిపిస్తోంది. బ్రాంకియెక్టాసిస్ అంటుకునేది కాదు, మీ బిడ్డకు వారసత్వంగా వచ్చేదీ కాదు. గిలాస వేరే పెట్టాల్సిన పని లేదు. కాకపోతే ఒకసారి టీబీ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే వీలు ఎప్పుడూ కొంత ఉంటుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం, రాత్రి చెమటలు కనిపిస్తే ఊహించుకుంటూ కూర్చోకుండా కళ్లె ఇచ్చి తేల్చుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష ఉచితం.

ఇక మీరు మానేసిన పద్ధతి. దాన్ని మళ్లీ చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో “గట్టిగా దగ్గమన్నారు” అని రాశారు. మీకు నేర్పినాయన అలా చెప్పి ఉండరు. రెండు నెలల్లో అది మీ చేతిలోనే మారిపోయి ఉంటుంది. చాలామందికి అలాగే జరుగుతుంది.

పొయ్యి ఊదే ఊదుగొట్టం తెలుసు కదా. అందులో బూడిద ఇరుక్కుంటే ఏం చేస్తాం? ఇవతల నుంచి గాలి కొడతాం, అప్పుడు అది అవతలికి ఎగిరిపడుతుంది. గాలి బూడిదకు వెనక ఉండాలి. ఊపిరితిత్తిలోనూ అంతే. కళ్లెకు వెనక, అంటే ఇంకా లోపలి వైపు, గాలి చేరితేనే అది ముందుకు, గొంతు వైపు కదులుతుంది. మీరు పై పైన ఊపిరి తీసుకుని గట్టిగా దగ్గితే గాలి వెనక్కి చేరదు. పైగా సాగి మెత్తబడిన గొట్టాలు గట్టి దగ్గు ఒత్తిడికి మూసుకుపోతాయి. ప్రాణం పోయేలా దగ్గుతారు, వచ్చేది చెంచాడు.

కాబట్టి ఇలా చేయండి. కుర్చీలో నడుము నిటారుగా, భుజాలు వదులుగా పెట్టి కూర్చోండి. ఒక చెయ్యి పొట్ట మీద. అర నిమిషం మామూలుగా, నెమ్మదిగా ఊపిరి. తర్వాత ముక్కుతో నిండుగా ఊపిరి తీసుకుని మూడు లెక్కపెట్టే దాకా ఆపండి. ఈ ఆపడమే ముఖ్యం, గాలి పక్క దారుల గుండా కళ్లె వెనక్కి చేరేది అప్పుడే. తర్వాత వదిలేయండి, తొయ్యొద్దు. ఇలా మూడు, నాలుగు సార్లు. మళ్లీ అర నిమిషం మామూలు ఊపిరి. మళ్లీ మూడు, నాలుగు నిండు ఊపిర్లు. అప్పుడు హఫ్. అద్దం తుడవడానికి నోటి ఆవిరి పట్టిస్తాం చూడండి, నోరు గుండ్రంగా తెరిచి “హా...” అని, అలాగే కాస్త జోరుగా. ముందు సగం ఊపిరి తీసుకుని పొడుగ్గా ఒకటి. అది లోతుల్లో ఉన్నదాన్ని కదిలిస్తుంది. కళ్లె పైకి వచ్చినట్టు గరగర వినిపిస్తే, నిండా ఊపిరి తీసుకుని పొట్టిగా, వేగంగా ఇంకొకటి. గొంతు దాకా వచ్చిందనుకున్నాకే ఒక దగ్గు. ఒక్కటి చాలు. మళ్లీ మొదటి నుంచి. వరుసగా రెండు హఫ్‌లలో గరగర లేకపోతే ఆ పూటకు పని అయిపోయినట్టే. కనీసం పది నిమిషాలు చేయండి. అరగంట దాటాక చేస్తే అలసటే మిగులుతుంది.

గమనించారా, హఫ్‌కు చప్పుడు పెద్దగా ఉండదు. మీ కుట్టు మిషన్ చప్పుడు దానికంటే ఎక్కువ. పక్కింటికి వినబడింది మీ ఎక్సర్‌సైజు కాదు, ఎక్సర్‌సైజు లేకపోవడం వల్ల వచ్చిన దగ్గు. గొంతు తెరిచి ఉంచుతాం కాబట్టి పొత్తికడుపు మీద ఒత్తిడి కూడా దగ్గుకంటే తక్కువే.

బట్ట తడవడానికి విడిగా చేయాల్సింది ఉంది. మూత్రం మధ్యలో ఆపాలంటే ఏ కండరం బిగిస్తామో దాన్ని బిగించి పట్టుకోండి, వదలండి. ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు. ఇది మూత్రం పోసేటప్పుడు చేసేది కాదు, మామూలుగా కూర్చున్నప్పుడు చేసేది. మిషన్ మీద కూర్చుని చేస్తే మీ కస్టమర్‌కు కూడా తెలియదు. మూడు నెలలు ఓపిక పట్టాలి, వారంలో ఫలితం రాదు. కానీ ఈ రోజు నుంచే పనికొచ్చే చిట్కా ఒకటుంది: హఫ్‌కు, దగ్గుకు, తుమ్ముకు ఒక క్షణం ముందు ఆ కండరాన్ని బిగించి, అది అయిపోయేదాకా వదలకండి. మొదట్లో మర్చిపోతారు, పదిహేను రోజుల్లో అలవాటవుతుంది. నీళ్లు మళ్లీ మామూలుగా తాగండి. మూడు నెలలయినా మార్పు లేకపోతే స్త్రీల డాక్టర్‌కు చూపించుకోవాలి. అదీ సిగ్గుపడే విషయం కాదు.

తల కిందికి వేలాడేయడం గురించి. ఆ పద్ధతి పాతది, పూర్తిగా తప్పు కాదు, కానీ మీకు అవసరమే లేదు. కఫం కిందికి జారాలంటే ఏ భాగంలో ఉందో ఆ భాగం పైకి ఉండాలి. మీ జబ్బులో ఒక చోటు ఊపిరితిత్తి పై భాగం. నిటారుగా కూర్చుంటే చాలు, అది దానంతటదే కిందికి జారుతుంది. మధ్య భాగానికి ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కుడి భుజం నుంచి నడుము దాకా వెనక ఒక దిండు పెట్టుకుని, కాస్త వెల్లకిలా వాలండి. మంచం చదునుగానే ఉండాలి. అదే భంగిమలో ఊపిర్లు, హఫ్‌లు. పుల్లటి తేన్పులున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కళ్లెలో రక్తం పడుతున్నవాళ్లు తల కిందికి పెట్టి పడుకోకూడదు. తిన్న వెంటనే ఎవరూ ఏ భంగిమలోనూ చేయకూడదు, గంటన్నర ఆగాలి.

ఆ మూడు బంతుల డబ్బా మరిది ప్రేమతో కొన్నదే, పారేయకండి. ఎక్కువగా ఆపరేషన్ అయినవాళ్లకు నిండుగా ఊపిరి పీల్చడం అలవాటు చేయడానికి ఇస్తారు దాన్ని. పీల్చే సాధనం అది. మీకు కావలసింది వదిలే పని. బంతులు మూడూ లేచాయంటే కళ్లె వచ్చినట్టు కాదు. వదిలేటప్పుడు గాలికి అదురు, అడ్డు కల్పించే చేతి పరికరాలు వేరే ఉన్నాయి. అందులోకి ఊదితే గొట్టాల్లో గాలి అదిరి, కళ్లె గోడలకు పట్టు వదిలి కదులుతుంది. కొందరికి వీటితో పని తొందరగా అవుతుంది, మొత్తం కూర్చునే చేసుకోవచ్చు. కానీ చౌక కాదు, రోజూ విప్పి కడిగి ఆరబెట్టాలి. సీసాలో నీళ్లు పోసి గొట్టంతో బుడగలు ఊదే పద్ధతి ఖర్చు లేనిది. అయితే గొట్టం లావు, నీళ్ల ఎత్తు ఫిజియోథెరపిస్ట్ కొలిచి పెట్టాలి. సన్నటి స్ట్రాతో ఇంట్లో ప్రయోగాలు చేస్తే ఒత్తిడి పెరిగిపోతుంది. నా లెక్క ప్రకారం మీరు ముందు హఫ్‌లు సరిగా చేసి చూడండి. మూడు నెలలకు మళ్లీ చూపించుకున్నప్పుడు చాలడం లేదనిపిస్తే అప్పుడు పరికరం కొనొచ్చు. ఏ పద్ధతి గొప్పదని నన్నడిగితే, మీరు మానకుండా చేసేదే.

టైం గురించి. మీ ఇంట్లో మీకు దొరికేవి మూడు సందులు. పొద్దున అందరూ లేవకముందు, మధ్యాహ్నం కస్టమర్లు రాని వేళ, రాత్రి వంటకు ముందు. పొద్దున పూట వదలొద్దు, రాత్రంతా పేరుకున్నది అప్పుడే ఉంటుంది. డాక్టర్ నీలం రంగు ఇన్‌హేలర్ రాసి ఉంటే అది పీల్చి పది, పదిహేను నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. రెండో పూట మధ్యాహ్నం పెట్టుకుంటే పడుకుని చేసే భంగిమ సులువు, అయితే తిండి ముందుకో వెనక్కో జరగాలి. రాత్రి పెట్టుకుంటే నిద్ర బాగా పడుతుంది, కానీ ఇంట్లో అందరూ ఉంటారు. ఏదైనా సరే, సరిగ్గా పడుకోబోయే ముందు చేయకండి. కదిలిన కళ్లె కాసేపు వస్తూనే ఉంటుంది. సిరిసిల్ల నుంచి వచ్చే మగ్గాల పెద్దాయన ఒకరు టీవీలో భజన పెట్టుకుని దాని చాటున చేసేవారు. ఏడాది తర్వాత ఆయన మనవడు చెప్పాడు, ఇప్పుడు తాత భజన మర్చిపోయినా హఫ్ మర్చిపోవడం లేదని.

చెరువు కట్ట మీద రోజూ అరగంట జోరుగా నడిస్తే కళ్లె కదలడానికి అదీ సాయపడుతుంది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత జోరు. నడక హఫ్‌లకు బదులు కాదు, తోడు.

బతికినంత కాలం చేయాలా అని అడిగారు. దెబ్బతిన్న గొట్టాలు మళ్లీ మామూలు కావు, కాబట్టి ఏదో ఒక రూపంలో చేస్తూనే ఉండాలి. కానీ ఎప్పుడూ ఇదే మోతాదులో కాదు. బాగున్న రోజుల్లో కళ్లె చాలా తక్కువైతే ఒక పూటకు తగ్గించుకోవచ్చు. జలుబు చేసినప్పుడు మూడు పూటలకు పెంచాలి. మిల్లీలీటర్ల గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి పెట్టుకుని వారానికి ఒక రోజు పొద్దున ఎంత వచ్చింది, ఏ రంగు అని క్యాలెండర్ మీద రాయండి. తెలుపు నుంచి పసుపు, పసుపు నుంచి పచ్చ అయితే, ఎక్కువైతే, ఆయాసం లేదా నీరసం పెరిగితే, ఇవి రెండు రోజులు దాటి ఉంటే అది ఇన్‌ఫెక్షన్ ముదిరిన గుర్తు. అప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కళ్లెను కల్చర్‌కు, అంటే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు, ఇవ్వాలి. ఇది మనవాళ్లు చేయని పని. మందు మింగాక ఇస్తే ఏ క్రిమో దొరకదు. ఈ జబ్బులో కోర్సు సాధారణంగా 14 రోజులుంటుంది. మూడో రోజుకు బాగుందని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కళ్లెలో రక్తపు చారలుంటే హఫ్‌లు మెల్లగా, పరికరాలు బంద్, డాక్టర్‌కు చెప్పాలి. గుక్కెడు రక్తం పడితే 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోవాలి, ఆలోచించొద్దు.

సిరప్ ఆపే సంగతి మీ ఛాతీ డాక్టర్‌ను వెంటనే అడగండి. దగ్గు మీకు శత్రువు కాదు, కాలువలో పూడిక తీసే పలుగు అది. పలుగును నిద్రపుచ్చే మందు తాగితే పూడిక లోపలే ఉంటుంది. ఉప్పునీటిని ఆవిరిలా పీల్చుకునే నెబ్యులైజర్ అని ఒకటుంది, చిక్కటి కళ్లెను పలుచన చేస్తుంది. అది కొందరికి ఛాతీ పట్టేస్తుంది కాబట్టి మొదటి మోతాదు ఆసుపత్రిలోనే, ఊపిరి పరీక్ష చేస్తూ ఇస్తారు. ఇంట్లో ఉప్పు కలిపి అందులో పోయకండి. ప్రతి ఏడూ ఫ్లూ టీకా, ఒకసారి న్యుమోనియా టీకా గురించి కూడా డాక్టర్‌ను అడగండి.

ఆపరేషన్ సంగతి మీ ఆయనకు ఇలా చెప్పండి. జబ్బు ఒక్క చోటే ఉండి, మందులు, ఫిజియోథెరపీ సరిగా జరిగినా తగ్గకపోతేనో, రక్తం ఆగకపోతేనో ఆ ముక్కను తీసేసే ఆలోచన చేస్తారు. మీకు రెండు చోట్ల ఉంది, ఫిజియోథెరపీ రెండు నెలలే జరిగింది, అదీ పని చేసింది. ఇప్పుడు ఆపరేషన్ అడగడం తొందరపాటు. ఇంకో మాట కూడా చెప్పండి: మిర్చి సీజన్లో ఆయన మార్కెట్ నుంచి వచ్చిన బట్టలు పెరట్లోనే విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి రావాలి. ఆ ఘాటు ఇంట్లోకి వస్తే మీరెన్ని హఫ్‌లు చేసినా పొద్దుగూకేసరికి దగ్గుతూనే ఉంటారు.

చివరికి పిల్లగాడి వాళ్ల దగ్గరికొద్దాం. చెప్పకుండా ఉండొచ్చు. చట్టం అడగదు, జబ్బు అంటదు, మీ బిడ్డకు రాదు. కానీ వరపూజ, లగ్గం, ఒడిబియ్యం, ఇన్ని కార్యాల్లో ఎన్నిసార్లు దగ్గు మింగుతారు? ఎవరో ఒకరు వింటారు, మన ఊళ్లల్లో దాచిన దగ్గుకు జనం పెట్టే పేరు ఒక్కటే. అప్పుడు మీరు చెప్పే నిజం సమర్థింపులా వినిపిస్తుంది. సంబంధం తెచ్చినాయనతో చెప్పించొచ్చు. సులువే, కాకపోతే ఆయన నోట “ఊపిరితిత్తుల రోగం” అని ఎలా చేరుతుందో మీ చేతిలో ఉండదు. మీరే చెప్పొచ్చు, వరపూజకు ముందే, రెండు వాక్యాల్లో: “నాకు పదిహేనేండ్ల కింద టీబీ వచ్చి తగ్గింది. దాని మచ్చ వల్ల కళ్లె పడుతది, అంటేది కాదు.” డాక్టర్‌ను అడిగితే ఆ మాట కాగితం మీద రాసిస్తారు. ఇలా చెబితే సంబంధం వెనక్కి పోయే అవకాశం లేదని నేను అబద్ధం చెప్పను. కొందరు పోతారు. అయితే ఏ దారి పట్టాలన్నా అంతకుముందు మీ బిడ్డకు చెప్పాలి. ఆమె పెళ్లి గురించి ఆమెకు తెలియకుండా మీరొక్కరే బరువు మోయడం నాకు సరిగా అనిపించలేదు. చదువుకున్న పిల్ల. పొద్దున మీ పక్కన కూర్చుని మూడు లెక్కపెట్టమనండి.

అత్తమ్మతో వాదించకండి. వచ్చేసారి ఆసుపత్రికి ఆమెను వెంట తీసుకెళ్లండి. అంటదనే మాట కోడలు చెబితే ఒకలా ఉంటుంది, తెల్లకోటు చెబితే ఒకలా ఉంటుంది. అన్యాయమే, కానీ పని జరుగుతుంది. కళ్లె మాత్రం మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మి, మరుగుదొడ్డిలో పోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పెరట్లో ఉమ్మితే గిలాస మాట మళ్లీ లేస్తుంది.

వరపూజ రోజు పొద్దున ఒక గంట ముందు లేవండి. ఇన్‌హేలర్ రాసి ఉంటే అది, రెండు నిండు విడతల హఫ్‌లు, తర్వాతే స్నానం, చీర. అగరుబత్తి పొగ, వంటల తాళింపు ఘాటు గాలితో మీ వైపు వచ్చే చోట కూర్చోకండి. పక్కన గోరువెచ్చటి నీళ్లు పెట్టుకుని గుక్క గుక్క తాగండి. దగ్గు వస్తే మింగకుండా లేచి పక్కగదిలోకి వెళ్లి, ముందు కింద కండరం బిగించి, రెండు హఫ్‌లు చేసి రండి. రెండు నిమిషాల పని.

వరంగల్‌లో ఎంజీఎంలో గానీ, ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో గానీ, మీకు నేర్పినాయన దగ్గరే గానీ, ఈ నెలలోనే మళ్లీ చూపించుకోండి. సీటీ కాగితం, క్యాలెండర్, ఆ సిరప్ సీసా వెంట తీసుకెళ్లండి. ఉత్తరంలో చివర చిన్న అక్షరాల్లో రాసిన మాటను అక్కడ మాత్రం మొట్టమొదట చెప్పండి.